రాక్‌ఫర్డ్ దాకా తీసుకెళ్లిన క్రాబ్ ఆపిల్ కొమ్మ

2011 జూన్‌లో ఒక శనివారం ఉదయం ఏడున్నరకు నేపర్‌విల్‌లోని మా ఇంటి నుంచి ఒక్కదాన్నే బయలుదేరాను. పక్క సీట్లో, జిప్‌లాక్ కవర్‌లో, మా పెరట్లోని క్రాబ్ ఆపిల్ చెట్టు కొమ్మ. రేగుపళ్లంత కాయలు కాసే ఈ చెట్టును చాలామంది పూల కోసమే పెంచుతారు. మేం మాత్రం, ఐదేళ్ల క్రితం మా మొదటి బిడ్డ కడుపులోనే పోయినప్పుడు, తన గుర్తుగా నాటుకున్నాం. మే మొదట్లో పూత మీదుండగా నేనే కత్తెర పట్టి గుబురు తీశాను. మూడు వారాలకు కొమ్మల చివర్లు కాలినట్టు నల్లబడి, గొడుగు పిడిలా వంగిపోయాయి. చెట్లు కొట్టే అతను చూసి మొత్తం తీసేయాలన్నాడు. మా ఆయన శ్రీధర్ సరేనని సోమవారానికి రమ్మన్నాడు. నాకు మనసొప్పలేదు.

ఐ-88 హైవే మీద పడమటికి వెళ్లి, డీకాల్బ్ దాటాక ఐ-39 ఎక్కితే రాక్‌ఫర్డ్‌కు గంటన్నర. చిల్లర దగ్గరుంచుకోండి, దారిలో టోల్ ఉంది. అక్కడ సుగుణ ఆంటీ ఉంటారు. కాలేజీలో మొక్కల తెగుళ్ల పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఇంటి వెనక ఇరవై దాకా క్రాబ్ ఆపిల్ చెట్లు పెంచుతున్నారు. సోమవారం సంగతి విని, ఆవిడ కవర్ విప్పకుండానే కొమ్మను తిప్పి చూశారు.

"అదే కత్తెరతో ఇంకేం కట్ చేశావమ్మా?"

"దీనికన్నా ముందు పక్కింటివాళ్ల బేరి చెట్టు. దానికీ ఎండు కొమ్మలున్నాయి."

"ఇది ఫైర్ బ్లైట్ అనే తెగులు. బ్యాక్టీరియా. బ్లేడుతో పాటు వచ్చుండచ్చు."

"అయితే నేనే చంపేశానా ఆంటీ?"

ఆవిడ నా కెమెరాలో చెట్టు ఫోటోలన్నీ పెద్దవి చేసి చూశారు. "చచ్చిపోయిందని ఎవరన్నారు? మాను మీద మచ్చ లేదు. పెద్ద కొమ్మలు శుభ్రంగా ఉన్నాయి. నల్లబడ్డ చోటికి ఒక అడుగు కిందకి కోసెయ్. ఆ సోమవారం మనిషిని క్యాన్సిల్ చెయ్."

అక్కడే మెట్ల మీద కూర్చుని ఏడ్చేశాను. ఆవిడ ఉప్మా పెట్టి, తన చెట్లలో ఒకదాని దగ్గరికి తీసుకెళ్లి, ఒకదాన్నొకటి రాసుకునే కొమ్మల్లో ఏది తీయాలో, చెట్టు మొదలు దగ్గర లేచే పిలకల్ని ఎలా కోయాలో చూపించారు.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఇల్లు చేరాను. "చెట్టు బతుకుతుందట," అన్నాను.

"రోజూ అది ఎండిపోతుంటే చూళ్లేక సరేనన్నాను విజయా," అన్నాడు శ్రీధర్. అప్పుడే ఫోన్ తీసి చెట్లు కొట్టే అతన్ని రావద్దన్నాడు. ఎండ కాసి పొడిగా ఉండటంతో వెంటనే పని మొదలుపెట్టాం. నేను కోశాను, ప్రతి కోతకూ శ్రీధర్ బ్లేడు తుడిచాడు. పద్నాలుగు కొమ్మలు పోయాయి.

మరుసటి వసంతంలో చెట్టు ఒక పక్క బోసిగానే ఉంది, రెండో పక్క నిండా పూసింది. ఇన్నేళ్లలో ఆ బిడ్డ గురించి మేమిద్దరం ఏడవకుండా మాట్లాడుకున్నది ఆ చెట్టు కిందే, మొదటిసారి.

మీరూ పెంచుతుంటే ఒక్కమాట: చలికాలం చివర్లో, మొగ్గలు ఉబ్బకముందే కత్తిరించండి, ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు వెళ్లేముందు కత్తెరను మందుల షాపులో దొరికే రబ్బింగ్ ఆల్కహాల్‌తో తుడవండి.