దసోమ్ ఇంట్లో నేను చెప్పిన జవాబులు

దసోమ్ మా సందులో దిగిన రోజున ఆమె సామాను కన్నా ముందు నేను లోపలికి వెళ్లాను. గడప తీయించి చదును చేయిస్తున్నారని తెలిసింది. ఎందుకో కనుక్కుందామని పోయాను. కరెంటు చక్రాల కుర్చీలో ఇరవై మూడేళ్ల పిల్ల. చేతులూ మెడా ఆమె చెప్పినట్టు వినవు. మాట మెల్లగా, ఒక్కొక్కటే వస్తుంది. ఏడో ఏట కొండల అవతల వికలాంగుల ఆశ్రమంలో చేర్చారట. పదహారేళ్లు అక్కడే. ఆరింటికి అన్నం, ఎనిమిదింటికి దీపాలార్పడం, వారానికి రెండు స్నానాలు. ఇదంతా మొదటి అరగంటలోనే అడిగి రాబట్టాను. ఆమె నన్ను అడిగింది ఒక్కటే.

"అమ్మమ్మా... మీరు... ఎవరు?"

సందు పెద్దనని చెప్పాను. మా దేగు నగరంలో ప్రతి వాడకూ వార్డు ఆఫీసు ఒక మనిషిని పెడుతుంది. కాగితాలు పంచాలి, ఏడాదికోసారి ఇంటింటికీ తిరిగి ఎవరుంటున్నారో రాసివ్వాలి. ఇరవై రెండేళ్లుగా ఆ పని నాదే. నేను ఉన్నారంటే ఆఫీసుకు ఉన్నట్టు, లేరంటే లేనట్టు.

దసోమ్‌కు సుల్బి అని ఒక స్నేహితురాలు. ఏడాది చిన్నది. కాళ్లలో బలం లేదు, చంకకర్రల మీద నడుస్తుంది. ఇద్దరూ ఒకే నెలలో ఆశ్రమం విడిచారు. సుల్బి రెండు బస్టాపుల అవతల గది తీసుకుని, ఇంట్లోనే కూర్చుని ఫోనులో వస్తువులమ్మే కంపెనీకి పనిచేస్తుంది. మా సందు ఎత్తు ఎక్కేటప్పుడు తన కర్రలు దసోమ్ ఒళ్లో పడేసి, కుర్చీ వెనక కడ్డీ పట్టుకుని ఎక్కేది.

"మెల్లగా పో అక్కా. నేనేమన్నా నీ తోకకు కట్టిన డబ్బానా?"

"డబ్బావే... మోత... ఎక్కువ."

ఇంత ఒద్దికగా ఉన్నవాళ్లు ఒకే ఇంట్లో ఉండొచ్చు కదా అని అడక్కుండా ఉండలేకపోయాను.

"పదహారేళ్లు పక్కపక్క మంచాలమ్మమ్మా," అంది సుల్బి. "ఈమె గురక నాకు కంఠతా వచ్చు. ఇప్పుడు ఫోన్ చేసి, వస్తున్నానని చెప్పి, గంట కొట్టి వస్తున్నాను చూడు, అదీ బాగుంది."

"పొమ్మనడం... ఇంకా... బాగుంది," అంది దసోమ్.

పొద్దున ఎనిమిది నుంచి రాత్రి పది దాకా మిరాన్ అనే సహాయకురాలు ఉండేది. ఆ గంటలు సర్కారు ఇచ్చినవి. మంచం మీంచి లేవాలన్నా, మరుగుదొడ్డికి వెళ్లాలన్నా, నోట్లో ముద్ద పడాలన్నా మిరాన్ చెయ్యి కావాలి. ఆ చేతులుంటేనే దసోమ్‌కు సొంత ఇల్లు. లేకపోతే మళ్లీ ఆశ్రమమే. ఒంటరిగా ఉండేవాళ్లకు గంటలెక్కువ, ఇంట్లో తోడున్నవాళ్లకు తక్కువ. ఎన్ని గంటలు ఇవ్వాలో మూడేళ్లకోసారి సర్కారు మనుషులు వచ్చి మళ్లీ చూసి వెళ్తారు.

దసోమ్ దిగిన మూడో ఏట ఆ చూసేవాళ్లు వచ్చిన రోజు నేను సందు మొదట్లో ఉన్నాను. దళసరి ఫైలు పట్టుకున్న చిన్నమ్మాయి ఇల్లెక్కడని అడిగింది. నేనే తీసుకెళ్లాను. తీసుకెళ్లినదాన్ని అక్కడే దిండు మీద చతికిలబడ్డాను.

"అమ్మమ్మా... మీరు..." అంది దసోమ్.

"కూర్చున్నాలేవే, నా గురించి చూడకు," అన్నాను.

వెళ్లమని చెప్పబోయిందని ఇప్పుడు తెలుసు. అప్పుడూ తెలిసే ఉంటుంది.

ఆ అమ్మాయి ఒక్కో ప్రశ్నా అడుగుతోంది. దసోమ్ పెదవి కదిలించేలోగా నేను అందుకున్నాను. భోజనం ఎలా అంటే, "మా సందులో ఎవరూ పస్తుండరమ్మా, నేను చూసుకుంటాను" అన్నాను. ఇంట్లో తోడెవరుంటారంటే, "సుల్బి ఉందిగా, ఎప్పుడూ ఇక్కడే. సొంత చెల్లెలు కూడా అలా చెయ్యదు. నేనైతే రోజుకు మూడుసార్లు తొంగి చూస్తాను" అన్నాను. దసోమ్ మెడ గట్టిగా ఊగింది. ఏదో శబ్దం చేసింది.

"ఆయాసపడకు తల్లీ, నేను చెబుతున్నాను కదా," అని మోకాలు తట్టాను.

సందు పెద్ద చెప్పిన మాట కదా, ఆ అమ్మాయి తలెత్తకుండా రాసుకుంది. వెళ్లేటప్పుడు, "మీలాంటి ఇరుగుపొరుగు ఈ రోజుల్లో ఎక్కడండీ" అంది. ఆ మాట నేను ఎండుచేపల కొట్టు దగ్గర నలుగురికి చెప్పుకున్నాను.

నెల తర్వాత దసోమ్‌కు ఉత్తరం వచ్చింది. గంటలు సగానికి సగం కోశారు. ఇంట్లో తోడుందట, వాడ ఆదుకుంటోందట. ఆ సాయంత్రం సుల్బి మా ఇంటి మూడు మెట్లూ ఎక్కి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"స్నేహితురాలినని వెళ్తే నన్ను పనిమనిషి కింద రాయించావు అమ్మమ్మా."

"మంచి మాటే చెప్పానే. మీ స్నేహం గురించి..."

"నీ మంచి మాటతో అక్క మధ్యాహ్నం మూడింటి నుంచి మంచంలోనే ఉండాలి, తెలుసా? నేనిక రాను. నేను వచ్చిన ప్రతిసారీ తోడున్నట్టు లెక్క. ఆ ఉత్తరం మీద అక్క అభ్యంతరం పెడుతోంది. అది తేలేదాకా ఈ సందులో అడుగు పెట్టను."

మెట్లు దిగడానికి చెయ్యి అందించబోయాను. "వద్దు" అంది. ఒక్కో మెట్టూ దిగుతుంటే చూస్తూ నిలబడ్డాను. చూడటం తప్ప నాకేం చేతనవును?

ఐదు వారాలు సుల్బి రాలేదు. దసోమ్‌ది మూడింటికి పడుకునే బతుకైంది. కిటికీ తెర కూడా ఎవరైనా లాగితేనే.

అభ్యంతరానికి నేను రాసిచ్చిన కాగితం కావాలని దసోమ్ నన్ను మిరాన్ చేత పిలిపించింది. ప్రాథమిక బడితో ఆగిన రాత నాది, అయినా ఘనంగానే మొదలుపెట్టాను. దసోమ్ నాకు మనవరాలి లాంటిదని రాశాను.

"కొట్టేయండి," అంది.

"ఎందుకే?"

"మనవరాలైతే... మళ్లీ... తోడున్నట్టే. అద్దెకున్న... మనిషి... అని రాయండి."

కొట్టేశాను. తర్వాత తనే అడుగుతూ పోయింది. తనను నేను ఎన్నిసార్లు లేపి కూర్చోబెట్టాను? ఒక్కసారీ లేదు. ఎన్నిసార్లు తినిపించాను? గుమ్మడికాయ జావ తెచ్చానని గుర్తు చేశాను. తెచ్చిన మాట నిజమే. మిరాన్ తినిపిస్తుంటే, ఈ పిల్ల ఎలా మింగుతుందో చూడాలని గుమ్మంలో నిలబడ్డాను. ఎలా మింగిందో చేపల కొట్టు దగ్గర అభినయించి చూపించాను కూడా. అది దసోమ్ చెవిన పడిందని ఆమె ముఖం చూశాకే తెలిసింది.

"అదీ... రాయండి."

రాశాను. కలం రెండుసార్లు ఆగింది. ఆమె తొందరపెట్టలేదు.

అభ్యంతరం మీద విచారణ రోజున పొడవాటి బల్ల వెనక ఐదుగురు. నా కాగితం పైకి చదివారు. గుమ్మం, జావ, అన్నీ. కళ్లద్దాల పెద్దమనిషి, "మరి అప్పుడెందుకు అలా చెప్పారు?" అన్నాడు.

"మా సందు మంచిదనిపించుకుందామని," అన్నాను. "ఇంకేం లేదు."

తర్వాత దసోమ్ మాట్లాడింది. మధ్యలో ఆయన, "అంటే మీరనేది..." అని అందుకోబోయాడు.

"ఆమె ఇంకా మాట్లాడుతోంది," అంది దసోమ్ పక్కనే కూర్చున్న సుల్బి.

గోడగడియారం ప్రకారం పదకొండు నిమిషాలు. మూడేళ్లలో ఆమె మాట మొదటి నుంచి చివరిదాకా నేను విన్నది అదే. సుల్బి తన స్నేహితురాలు అంది. ఇంటికొస్తే తను టీ ఇవ్వాలి, ఆ టీ పెట్టడానికి మిరాన్ ఉండాలి అంది. సుల్బి సాయంతో మరుగుదొడ్డికి వెళ్లే బతుకైతే సుల్బి రాకూడదు, రానివ్వను అంది. నేను నా మోకాళ్ల వంకే చూస్తూ కూర్చున్నాను.

గంటలు మొత్తం తిరిగి వచ్చాయి. ఆ సంగతి దసోమ్ నాకు చెప్పలేదు. సందంతా తెలిశాక నాలుగో రోజున ఎండుచేపలామె నోట విన్నాను.

"నీకు తెలీదా ఏంటి?" అందామె, చేపల తోకలు కత్తిరిస్తున్న కత్తెర ఆపి.

"తెలుసు," అన్నాను. "వచ్చిన రోజే చెప్పింది."