‘ఆగు’కీ ‘రా’కీ మధ్య

ఈ ఉదయం మా వీధిలో తడిసున్నం వాసన వచ్చింది. ఎవరో పెద్దమనిషి ఈ దారిన వెళ్తున్నారట, మున్సిపాలిటీవాళ్ళు తెల్లారేసరికి రోడ్డుకి రెండు పక్కలా సున్నంతో గీతలు లాగేశారు. ఏడాది పొడవునా గోతులే తప్ప అంచులు లేని రోడ్డుకి ఒక్కపూటలో అంచులు వచ్చాయి. మరో రోజైతే గుమ్మంలో నిలబడి ఆ మేస్త్రీని నాలుగు మాటలు అనేసేదాన్నే. కానీ ఆ వాసన ముక్కుకి తగలగానే నా నోరు ఆగిపోయింది. నా నోటిని ఆపగలిగిన మనిషి ఈ భూమ్మీద ఒక్కరే ఉండేవారు. ఆవిడ చేతులకి ఎప్పుడూ ఇదే వాసన.

సువార్తమ్మ టీచర్ గారు మా పక్కింటావిడ. పాలకొల్లులోనే ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయ్యారు. పొట్టిగా, గట్టిగా, తెల్లచీరలో, మెడలో నల్లతాడుకి వేలాడే స్టీలు విజిలుతో ఉండేవారు. ఉద్యోగం వదిలినా విజిలు వదల్లేదు. ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు మాత్రం దాన్ని కొంగు కింద దాచుకునేవారు. మేం ఆ ఇంటికి వచ్చిన కొత్తలో వాళ్ళ ములగచెట్టు కొమ్మ మా గోడ మీదికి వాలిందని ఆవిడతో ఒక వాదన జరిగింది. అందులో నేనే గెలిచాను. గెలిచాక ఇక మాట్లాడుకోవడానికి ఏముంటుంది? రెండేళ్ళు పలకరింపుల్లేవు.

నేను డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. మాట నాకు జీతం, ఆయుధం, కాలక్షేపం కూడా. మా అబ్బాయి వాసుకి నాలుగో ఏట రాజమండ్రిలో డాక్టరు గారు ఆటిజం అని చెబితే ఆయనతోనూ అరగంట వాదించాను. వాణ్ణి చేర్చుకోలేమన్న స్కూలువాళ్ళతో, తాయెత్తు కట్టించమన్న చుట్టాలతో, నా ఉద్యోగమే కారణమన్న మా అత్తగారితో వాదించాను. అన్నింట్లోనూ గెలిచాను. ఏ గెలుపూ వాసుకి పనికిరాలేదు. వాడికి వచ్చిన మాటలు చేతివేళ్ళకి సరిపోతాయి. భయం మాత్రం బొత్తిగా రాలేదు. నీళ్ళంటే వాడికి ప్రాణం. మా ఇంటి ముందు రోడ్డు, రోడ్డుకి అవతల కాలువ. గొళ్ళెం తియ్యడం నేర్చుకున్న రోజు నుంచి సందు దొరికితే రోడ్డు దాటి గట్టు మీద కూర్చుని, గుర్రపుడెక్క మొక్కలు నీళ్ళ మీద కదులుతుంటే చూసేవాడు. రోడ్డు తీసుకుపోతుందో, కాలువ తీసుకుపోతుందో తెలియక నేను కాలేజీలో పాఠం చెబుతూ కూడా ఫోను వంకే చూస్తుండేదాన్ని.

వాడికి ఆరేళ్ళప్పుడు ఒకరోజు స్నానం చేసి వచ్చేసరికి తలుపు తీసి ఉంది. వాడు అవతల గట్టు మీద నిలబడి ఉన్నాడు. “ఆగరా వాసూ! అక్కడే ఉండరా!” అని గుమ్మంలోంచి కేక పెట్టాను. వాడు తల తిప్పి నన్ను చూశాడు. నవ్వాడు. తిన్నగా రోడ్డు మీదికి నడుచుకుంటూ వచ్చేశాడు. కొబ్బరికాయల లారీ ఒకటి రోడ్డంతా కీచుమనిపిస్తూ, వాడు చెయ్యి చాపితే తగిలేంత దూరంలో ఆగింది. డ్రైవరు తిట్టిన తిట్లేమిటో నాకు గుర్తు లేదు. వాణ్ణి ఇవతలికి లాగి వీపు మీద రెండు వేశాను.

“కొట్టకండి లలిత గారూ,” అని వెనక నుంచి వినిపించింది. రెండేళ్ళ తరవాత మొదటి మాట. “పిల్లాడు మీరు చెప్పినట్టే చేశాడండి.”

“లారీ కింద పడమన్నానా అండీ నేను?”

“రమ్మన్నారు.”

“ఆగమన్నానండి! వీధి వీధంతా వింది, కావాలంటే అడగండి.”

“వీధి విందండి. ఆగరా అన్నారు, ఉండరా అన్నారు. రెండుసార్లూ చివర్న రా అన్నారు. రా అంటే వాడికేంటి? వచ్చెయ్యడమే కదండీ. వచ్చాడు.”

నా కేకని మళ్ళీ నోట్లో అనుకుని చూశాను. ఏరా, తిన్నావురా, పడుకోరా అంటూ మనం ప్రతి మాట తోకకీ ముద్దుగా తగిలించే ఆ ఒక్క అక్షరం! వాడికి తెలిసిన పది మాటల్లో ‘రా’ ఒకటి. దాన్ని నేర్పింది నేనే. వాడికి నడక వచ్చిన రోజుల్లో రెండు చేతులూ చాచి, ‘రా, రా’ అని పిలిచి నేర్పాను. నా ఎమ్మే చదువుకి అందని సంగతి విజిలు వేసుకున్న ఆవిడకి ఎలా అందిందో అడిగితే, ఆవిడ వాసు తల నిమరబోయి, వాడు తల పక్కకి తిప్పేసరికి చెయ్యి వెనక్కి తీసుకుని అన్నారు: “ముప్పై ఏళ్ళు గ్రౌండులో అరిచానండి. ఎవరూ సగం మాట కూడా వినలేదు. ఈ వీధిలో మాటని మాటలాగా వినేవాడు వీడొక్కడే.”

మర్నాటి నుంచి నేర్పడం మొదలైంది. వాడికి కాదు, నాకు. ఆవిడ ఒక గాజుసీసా, గుప్పెడు చింతపిక్కలు తెచ్చి మా గడప మీద పెట్టారు. వాసుతో మాట్లాడేటప్పుడు రమ్మనే ఉద్దేశం లేకుండా ‘రా’ అన్న ప్రతిసారీ ఒక పిక్క సీసాలో వెయ్యాలి. “ఇదేం శిక్షండీ, నేను లెక్చరర్ని,” అన్నాను. “అందుకేనండి సీసా పెద్దది తెచ్చాను,” అన్నారు. సాయంత్రానికి సీసా నిండింది. మా అత్తగారు నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయారు. నెల తిరిగేసరికి రోజుకి నాలుగైదు పిక్కలకి దిగాను. నా నాలిక మీద నేను కాపలా కాయడం జీవితంలో అదే మొదలు.

వాసుని వాళ్ళింటికి పంపితే, వాడితో ఆవిడ మొదటి వారం ఏ ఆటా ఆడలేదు. మొదటి రోజు అలవాటుకొద్దీ విజిలు ఊదితే వాడు చెవులు మూసుకుని గోడవారకి వెళ్ళి ముడుచుకుపోయాడు. ఆవిడ ఏమీ అనకుండా తాడు తల మీదుగా తీసి వరండా మేకుకి తగిలించారు. ముప్పై ఏళ్ళ విజిలు. మళ్ళీ మెడలో వేసుకోగా నేను చూడలేదు. వాడు సోడామూతలు వరసగా పేర్చుకుంటుంటే ఆవిడ కూడా అరుగు మీద బోర్లా పడుకుని, పక్కన తన వరస ఒకటి పేర్చుకునేవారు. వాడి వరస జోలికి పోయేవారు కాదు. అరవయ్యేళ్ళ మనిషి లేవడానికి మోకాళ్ళు పట్టుకుని అబ్బా అనుకోవడం నాకు గోడ మీంచి వినిపించేది. ఏడో రోజున వాడు తన చేతిలోని మూత ఒకటి ఆవిడ వరస చివర పెట్టాడు. ఆవిడ తల ఎత్తి నా వైపు చూసిన చూపు ఇంకా నా కళ్ళల్లో ఉంది. ఉత్తరం అందుకున్నట్టు చూశారు.

అప్పుడు మొదలైంది ఆట. మన చిన్నప్పుడు నేలా–బండా ఆడేవాళ్ళం కదా, నేల మీద ఉన్నవాళ్ళని దొంగ పట్టుకోవచ్చు, బండ ఎక్కినవాళ్ళని పట్టుకోకూడదు. ఆవిడ దాన్ని తిరగేసి ‘నేలా–నీళ్ళా’ చేశారు. పెరట్లో పాత నీలంచీర ఒకటి పరిచారు. దానికి అడుగు ఇవతల, గ్రౌండులో గీసినట్టే సున్నంతో గీత గీశారు. వాడు గీత దగ్గరికి రాగానే మెల్లగా “ఆగు” అనేవారు. తోకలేని ఆగు. తరవాత ఆవిడే లారీ అయ్యేవారు. చేట ఒకటి స్టీరింగులా పట్టుకుని, బుర్రుమంటూ నీలంచీర మీదుగా అటూ ఇటూ పరిగెత్తేవారు. “నేలా? నీళ్ళా?” లారీ ఉంటే నీళ్ళు. లారీ వెళ్ళిపోతే నేల. నేల అయ్యాక, అప్పుడు “రా.” వాడు దాటితే ఒక సోడామూత. ఒక్కోసారి కావాలని లారీ మళ్ళీ వెనక్కి వచ్చేది, వాడు కాలు వెనక్కి తీసుకుని పడీ పడీ నవ్వేవాడు. వాడు అంత గట్టిగా నవ్వగలడని అంతవరకూ నాకు తెలియదు.

“ఆటలాడితే లారీలు ఆగుతాయా టీచర్ గారూ?” అన్నాను ఒకనాడు, ఊరుకోలేక.

“లారీలు ఆగవండి. అందుకే వీడు ఆగాలి.”

‘నేల’, ‘నీళ్ళు’ అనే ఆ రెండు మాటలూ పెరడు దాటి మా ఇంట్లోకి వచ్చేశాయి. పొయ్యి మీద పెనం కాలుతుంటే వాసు దూరంగా నిలబడి “నీళ్ళు” అన్నాడు. దాహమేమోనని మా అత్తగారు గ్లాసుతో నీళ్ళిచ్చారు. వాడు గ్లాసు తోసేసి పెనం చూపించి మళ్ళీ “నీళ్ళు” అన్నాడు. అర్థమయ్యాక ఆవిడ ఆ గ్లాసు పట్టుకునే కూలబడి ఏడ్చారు. ఆ తరవాత ఒకసారి, బుగ్గలు పిండి ముద్దులాడే మా వారి మేనమామ జంగారెడ్డిగూడెం నుంచి వచ్చి చేతులు చాపితే వాడు రెండడుగులు వెనక్కి వేసి, ఆయన మొహంలోకి వేలు చూపించి, “నీళ్ళు” అన్నాడు. మా వారు సిగ్గుపడిపోయారు. ఇదేం మర్యాదని టీచర్ గారి దగ్గరికి ఫిర్యాదుకి వెళ్ళాను. “మర్యాద తరవాత నేర్పుదామండి,” అన్నారావిడ. “ఒళ్ళు వద్దంటే ఎవరి దగ్గరికైనా వెళ్ళక్కర్లేదని వాడికి తెలిసింది చూడండి, అది మనకే సరిగా తెలీదు.” పెళ్ళిళ్ళలో పేరంటాల్లో ఎవరు లాక్కుంటే వాళ్ళ ఒళ్ళో కూర్చున్న నా చిన్నతనం గుర్తొచ్చి, ఆ రోజు కూడా నేను వాదించలేదు.

నాలుగు నెలల తరవాత ధైర్యం చేసి వాణ్ణి నిజం రోడ్డు దగ్గరికి తీసుకెళ్ళాం. వాడు ఆగలేదు. పెరట్లో వందసార్లు ఆగినవాడు ఇక్కడ ‘ఆగు’ అంటున్నా వినకుండా తిన్నగా నడిచిపోయాడు. నేను చొక్కా పట్టి లాగాను కాబట్టి సరిపోయింది. నాకు ఒళ్ళు తెలియలేదు. వీధిలో నిలబడి ఆవిణ్ణి అన్న మాటల్లో ఒకటి మాత్రం ఇక్కడ రాస్తాను, రాయకపోతే ఇది నిజం కాదు. “పిల్లల్ని కన్నవాళ్ళకైతే తెలిసేది, మీకేం తెలుస్తుంది?” అన్నాను. ఆవిడకి పిల్లల్లేరు.  ఆవిడ రోడ్డు వంక చూశారు. “నాదే పొరపాటండి. ఇక్కడ గీత లేదు కదా,” అని లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు తెల్లవారుతుండగా ముగ్గు వెయ్యడానికి తలుపు తీస్తే, మా రెండిళ్ళ ముందు రోడ్డు వారన ఆవిడ నడుం వంచి, బకెట్టులో కుంచె ముంచుకుంటూ సున్నంగీత గీస్తున్నారు. ఈ చివర నుంచి ఆ చివరకి. క్షమించమని అడగడం నాకు ఈ రోజుకీ చేతకాదు. వెళ్ళి బకెట్టు అందుకున్నాను. ఆవిడ ఇచ్చారు. అంతే, దాని గురించి మళ్ళీ మాట్లాడుకోలేదు.

ఆ గీత ట్రాక్టర్లు చెరిపేవి, వానలు కడిగేసేవి, ఎవరికి పిచ్చి పట్టిందోనని వీధివాళ్ళు నవ్వేవారు. ఆవిడ రోజూ గీశారు. వాడు గీత చూసి ఆగాడు. ఒక నెల తరవాత గమనించాను, గీత సన్నబడింది. తరవాత మధ్యమధ్య తెగింది. ఆ పైన అడుగుకొక చుక్క అయింది. “సున్నం అయిపోయిందాండీ?” అన్నాను. “లేదండి. గీత రోడ్డు మీంచి తీసేసి వాడి లోపల పెడుతున్నాను. ఒక్కసారిగా తీస్తే పడిపోతాడు,” అన్నారు. వాన వెలిసిన ఒక ఉదయం, చుక్క కూడా లేని తడిరోడ్డు ముందు వాసు నడుచుకుంటూ వెళ్ళాడు. ఎక్కడ గీత ఉండాలో సరిగ్గా అక్కడ ఆగాడు. మేమిద్దరం వాడి వెనక నిలబడ్డాం. బస్సు వెళ్ళింది. మోటారుసైకిలు వెళ్ళింది. వాడు తనలో తాను “నేల” అనుకుని ఆవిడ వైపు తిరిగాడు.  ఆవిడ “రా” అన్నారు. నేను ఎన్నో డిగ్రీ పట్టాల సభలు చూశాను. అంత గొప్ప సభ మాత్రం చూడలేదు, ఉన్నది ముగ్గురమే అయినా.

ఆవిడ పోయి మూడేళ్ళయింది. చివరిదాకా వాసుకి కొత్త కొత్త నేలలూ నీళ్ళూ చూపిస్తూనే ఉన్నారు: కాలువ గట్టు అంచు, ప్లగ్గులు, మందుసీసాలు, తలుపు కొట్టే తెలియనివాళ్ళు. ఏ చదువులో నేర్చుకున్నారివన్నీ అంటే, “నేను చదివింది డ్రిల్లేనండి,” అనేవారు. వాసుకిప్పుడు ఇరవయ్యేళ్ళు. మాటలు ఇప్పటికీ తక్కువే. నావి ఇప్పటికీ ఎక్కువే.

ఈ ఉదయం పాలపాకెట్టుకని ఇద్దరం బయల్దేరాం. ఫోన్లో మా ప్రిన్సిపాలు గారు. ఆయన పరీక్ష డ్యూటీలు అన్యాయంగా వేశారు, నేను ఊరుకుంటానా? ఫోను చెవికి ఆనించుకుని, రెండో చెయ్యి ఊపుకుంటూ, ఆయన తప్పులు ఒక్కొక్కటే వివరిస్తూ ఆ తెల్లటి గీత దాటి కాలు రోడ్డు మీద పెట్టబోయాను.

“ఆగు,” అన్నాడు వాసు.

గట్టిగా అనలేదు. చెయ్యి పట్టుకోలేదు. తోకలేని ఆ ఒక్క మాట, ఆవిడ అన్నట్టే అన్నాడు. నలభై తొమ్మిదేళ్ళలో ఎందుకని అడక్కుండా నేను ఆగిన మొదటిసారి అదే. నా చీర కుచ్చిళ్ళకి గాలి కొడుతూ ఇసుక ట్రాక్టరు ఒకటి దూసుకుపోయింది. ఫోన్లో ప్రిన్సిపాలు గారు హలో హలో అంటున్నారు. వాసు అటు చూశాడు, ఇటు చూశాడు, మళ్ళీ అటు చూశాడు. తొందర లేదు వాడికి. సున్నం వాసన మా ఇద్దరి చుట్టూ ఉంది.

అప్పుడు నా వైపు తిరిగి, “రా,” అన్నాడు.

వెళ్ళాను.