పివట్ కింద పడుకున్న గోధుమ

సౌదీలో అల్ ఖర్జ్ దగ్గర నేను పనిచేసే ఫామ్‌లో గోధుమ చేలు గుండ్రంగా ఉంటాయి. నడుమ బోరు, దాని చుట్టూ చక్రాల మీద మెల్లగా తిరుగుతూ వానలా నీళ్లు చల్లే పొడవాటి పైపు. దాన్ని పివట్ అంటారు. అవి చెడిపోతే బాగుచేయడమే నా పని. కాబట్టి గుండ్రాలు నాకు కొత్తేం కాదు. కానీ మొన్న మార్చిలో, గాలిదుమారం వచ్చిపోయిన తెల్లారి చూసినవి వేరే రకం.

గోధుమ కంకి పాలు పోసుకునే రోజులు. పచ్చటి చేలో పెద్ద పెద్ద వలయాలు, వాటిలో పైరు చాప పరిచినట్టు పడిపోయి ఉంది. పక్కనున్నది మాత్రం నిక్షేపంగా నిలబడింది. పాకిస్తానీ ట్రాక్టర్ డ్రైవర్ వీడియో తీసి అందరికీ పంపాడు. పొద్దెక్కేసరికి పక్క ఫాముల వాళ్లు బండ్లేసుకుని వచ్చారు. "జిన్నాత్ కా కామ్ హై భాయ్", ఇది జిన్నుల పనే అన్నాడు డ్రైవర్. ఆకాశంలోంచి ఏదో దిగిందని ఒకడు, ఒంటెలు పొర్లాయని ఇంకొకడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

మా ఈజిప్టు ఇంజనీరు మాత్రం నా వైపే చూశాడు. "నీ పివట్ కారింది, నీళ్లెక్కువై పైరు పడింది. అదే నిజమైతే నీకిప్పుడు ఛుట్టీ లేదు" అన్నాడు. ఇంటికి వెళ్లే సెలవు ఎక్కడ పోతుందోనని భయం పట్టుకుంది. నా బిడ్డ పుట్టాక నేను దాన్ని ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. దాంతోపాటు ఒళ్లు మండింది కూడా. నీళ్లు చిమ్మే నా నాజిళ్లను అంటే నన్ను తిట్టినట్టే.

పైపు పొడవునా నడిచి ఒక్కో నాజిల్ చూశాను. ఒక్కటీ కారడం లేదు. అయినా కారితే పైపు తిరిగినంత మేరా ఒకే పట్టీలా పడాలి, ఇలా విడివిడి వలయాలు రావు. ఇక భయం సంగతి మర్చిపోయి కుతూహలంలో పడ్డాను. మోకాళ్ల మీద కూర్చుని కాడలు పట్టి చూశాను. విరగలేదు, మొదలు దగ్గర వంగాయంతే. పక్క పైరు కంటే జానెడు పొడవు, నలుపు తిరిగిన పచ్చదనం. బలం ఎక్కువై, గాలికి బరువు మోయలేక పడ్డాయి. ఇంకో వింత ఏమిటంటే, వలయాలన్నీ పివట్ చక్రాలు నడిచే బాట మీదే వరసగా ఉన్నాయి. ఒక్కోదాని నడుమ, బాటకు రెండు వైపులా, మూరెడు పైరు నిటారుగా ఉంది.

ఆ నడుమకు వెళ్లి బాటలో నిలబడ్డాను. దోసెడు మట్టి తీసి, ఒక్కచోటే తిరుగుతూ చుట్టూ చల్లాను. మట్టి సరిగ్గా వలయం అంచు దాకా వెళ్లి పడింది, నా కాళ్ల దగ్గర మాత్రం పడలేదు. మా ఊళ్లో వరికి యూరియా చల్లితే చెయ్యి సాగేది అంతే దూరం. నాకు నవ్వాగలేదు. ఆ వెంటనే ఆ చెయ్యి ఎవరిదో తట్టి నవ్వు ఆగిపోయింది.

ఆ చేను చూసుకునేది నా గదిలో ఉండే పెద్దాయన. చుట్టరికం లేదు గానీ మాది జగిత్యాల వైపు, ఆయనది పక్క మండలం, అందుకని మామా అంటాను. ఊళ్లో బోర్లన్నీ ఎండిపోయి, సాగు మానుకుని వచ్చినవాడు. మధ్యాహ్నం గదికి వెళ్లేసరికి పప్పు తాలింపు వేస్తున్నాడు.

"మామా, స్టోర్ల మిగిలిన యూరియా సంచులు యాడవోయినయి?" అన్నాను.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఇంకేం అడగకుండానే అంతా చెప్పాడు. "ఆడాడ పైరు తెల్లవడ్డది రా. సూసుకుంట ఊకె ఎట్లుంట? సల్లిన. పైరు తొక్కద్దని సక్రాల బాట మీదనే నిలవడి సల్లిన."

"ఈడ మందు పైపుల నీళ్లల్లనే కలిపి ఇస్తరు గద!"

"అది అందరికి సమానంగ పెట్టే బువ్వ. బక్కగున్నదానికి ఇంకింత పెట్టద్దా?"

ఇంజనీరుకు చెప్తే మామ చేను పోతుంది, చెప్పకపోతే నా ఛుట్టీ పోతుంది. నేను నోరు విప్పనని మాటిచ్చాను, ఇచ్చినందుకు లోలోపల ఏడ్చాను కూడా. కానీ సాయంత్రానికి ఆయనే ఇంజనీరు దగ్గరికి నడిచాడు. అరబ్బీ అంతగా రాదు. "అనా, అనా", అంటే నేనే నేనే అని గుండె మీద చెయ్యి పెట్టుకుని, యూరియా చల్లినట్టు గుండ్రంగా తిరిగి చూపించాడు. ఇంజనీరు ముందు పగలబడి నవ్వాడు. ఆ తర్వాత ఆయన్ని చేలోంచి తీసి ఆవుల షెడ్డుకు పంపించాడు.

నాకు ఛుట్టీ వచ్చింది. బయలుదేరేటప్పుడు నా పెట్టె మామే మోసుకొచ్చాడు. "పేడ ఎత్తుతున్ననని మా ఇంట్ల చెప్పకు. ఆమె రోజు ఫోన్ల చేను సూపియ్యమంటది, నెట్టు వస్తలేదని తప్పించుకుంటున్న" అన్నాడు.

నేను ఇల్లు చేరిన మర్నాడే మామ భార్య బస్సెక్కి వచ్చింది. నా బిడ్డ నా ఒళ్లో నిద్రపోతోంది. మామ ఆరోగ్యం సంగతి కూడా అడగలేదు.

"అల్లుడా, మా పైరు ఎట్లున్నది?" అంది.

"మంచిగున్నది అత్తా" అన్నాను. ఆ మాట అబద్ధం కాదు. పడ్డ వలయాలు పోను పైరు మంచిగానే ఉంది. ఆయనే దాని దగ్గర లేడు.