రోడ్డుకి మనం కనపడొద్దా?

టీచరుగారు పోయారు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, కాస్త ఆయాసంగా ఉందని పడుకున్నారట. మళ్ళీ లేవలేదు. కాలవ అవతలి గట్టు నుంచి ఆ కబురు తెచ్చింది మా అమ్మాయే. సైకిలుకి స్టాండు కూడా వెయ్యకుండా గోడకి పడేసి, "నాన్నా, టీచరుగారు..." అని ఆగిపోయింది. అప్పటినుంచీ నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. ఇది రాద్దామని కూర్చుని ఇప్పటికే రెండుసార్లు లేచాను.

మాది కొత్తపేట దగ్గర పల్లెటూరు. అమ్మాయి పదో తరగతి. రోజూ సాయంకాలం కాలవ వంతెన దాటి లెక్కలు చెప్పించుకోవడానికి ఆవిడ ఇంటికి వెళ్ళేది. తిరిగొచ్చేసరికి చీకటి పడేది. గట్టు రోడ్డు ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. ఒక పక్క కాలవ, ఒక పక్క కొబ్బరితోటలు, తోటకో సందు. ఏ సందులోంచి ఏ ఆటో దూసుకొస్తుందో చెప్పలేం. అసలే నేను కాలుకాలిన పిల్లి బాపతు. నేనే బండి మీద దింపి తీసుకొస్తానన్నాను.

"ఆయ్, ఎన్నాళ్ళు దింపుతారండీ? రేపు కాలేజీలో కూడా మీరే పక్కన కూర్చుంటారా?" అన్నారు టీచరుగారు.

రిటైరైనా ఆవిడ సైకిలు వదల్లేదు. కుచ్చిళ్ళు చక్రంలో పడకుండా రబ్బరుబ్యాండు వేసుకుని తొక్కేవారు. ఒకరోజు ఆ చక్రాల చువ్వలకి సన్నటి లైట్ల తీగ చుట్టుకుని వచ్చారు. చక్రం తిరుగుతుంటే గుండ్రంగా ఎర్రటి వెలుగు, జాతరలో రంగులరాట్నంలా. టీ కొట్టు దగ్గరివాళ్ళు ఊరుకుంటారా?

"టీచరుగారూ, తీర్థం ఎక్కడండీ?"

"మన గట్టు మీదేనండి. మీరూ రండి," అని తొక్కుకుంటూ పోయారు.

నేనూ నవ్వాను. నవ్వినందుకు నన్ను తీసుకెళ్ళి ఓ సందు మొదట్లో నిలబెట్టారు. మొదట చక్రాల లైట్లు ఆపేసి నా ఎదురుగా అడ్డంగా వెళ్ళారు. హ్యాండిలు లైటు రోడ్డు మీద పడుతోంది గానీ, మనిషి దగ్గరికి వచ్చేదాకా నాకు తెలియలేదు. తర్వాత చక్రాలు వెలిగించుకుని వచ్చారు. చాలా దూరం నుంచే, కొబ్బరిచెట్ల సందుల్లోంచి కూడా కనపడ్డాయి.

"మనకి రోడ్డు కనపడితే చాలనుకుంటామండి. రోడ్డుకి మనం కనపడొద్దా?" అన్నారు.

నవ్విన నాపచేనే పండిందన్నట్టు, ఆ వారమే ట్యూషన్ పిల్లలందరి సైకిళ్ళకీ ఆ లైట్లు వచ్చాయి. "ముందు చక్రాలు చూపించండి, తర్వాత హోంవర్కు" అనేవారు. వానాకాలంలో బ్యాటరీ డబ్బాకి పాలప్యాకెట్టు కవరు చుట్టించేవారు. అంటిన బురద అక్కడే తుడవాలి, లేకపోతే లెక్క మొదలయ్యేది కాదు.

ఒక సాయంకాలం ఆటో అబ్బాయొకడు మా ఇంటి ముందు ఆగాడు. "చక్రాల లైట్ల సైకిలు మీ పాపదేనాండీ? ఇందాక సందులోంచి వస్తూంటే ఆ లైట్లు చూసి బ్రేకేసేనండి. లేపోతే గుద్దేద్దునండి," అన్నాడు. నాకు అన్నం సయించలేదు. మర్నాడే వెళ్ళి ట్యూషన్ మాన్పించేస్తానన్నాను.

"బ్రేకేసేడు కదండీ?" అన్నారావిడ.

"వెయ్యకపోతేనండీ?"

"వేస్తాడనే కదండీ అవి పెట్టించేను. కాఫీ తాగండి."

నాకు ఒళ్ళు మండింది. కాఫీ తాగి వచ్చేశాను. అమ్మాయి ట్యూషన్ మానలేదు.

టీచరుగారి జ్ఞాపకార్థ కూడిక అయిన మర్నాడు మా ఆవిడ, "ఇంక చీకటి పడితే మీరు కుదురుగా కూర్చోవచ్చు," అంది. ఓదార్పుకే అంది పాపం. అంతలో అమ్మాయి పుస్తకాల సంచీ తగిలించుకుని బయటికొచ్చింది.

"ఎక్కడికే?"

"టీచరుగారింటికి నాన్నా. వాళ్ళ చెల్లెలుగారు వరండాలో లైటు వేసి ఉంచుతానన్నారు. పరీక్షలదాకా మేమే కూర్చుని చదువుకుంటాం."

వద్దందామని నోరు తెరిచాను. అని, ఎవరితో పోట్లాడను? ఆవిడ మీద నాకు దిగులే కాదు, కోపం కూడా ఉంది. ఇన్నాళ్ళూ నా భయంలో సగం తను మోసి, ఇప్పుడు మొత్తం నా నెత్తిన పెట్టి వెళ్ళిపోయారు. అలా మోసినందుకు ఒక్కసారైనా నమస్కారం పెట్టనివ్వలేదు. "వెళ్ళిరామ్మా" అన్నాను.

వాళ్ళు తిరిగొచ్చే వేళకి వంతెన మీదికి వెళ్ళి నిలబడ్డాను. అవతలి గట్టు మీద పిల్లలు కనపడలేదు. చక్రాలే కనపడ్డాయి, ఒకదాని వెనక ఒకటి, కింద కాలవ నీళ్ళలో మరో వరస. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. వాటిలో మా అమ్మాయిది ఏదో పోల్చుకోలేక, అన్నిటికోసమూ భయపడుతూ నిలబడ్డాను.