ఎ అంటే ఎలుక

నాకు అక్షరాలు వచ్చి రెండేళ్లే అయింది. అందుకే ఇది ఇన్నాళ్లూ రాయలేకపోయాను.

అప్పుడు రాయగడలో ఒక ఆఫీసులో ఊడ్చే పని చేసేదాన్ని. కొత్త సర్వర్ బిగిస్తున్న ఇంజనీరు, "ఈ ఒక్క పెట్టెలోనే ఇరవై కంప్యూటర్లుంటాయి అప్పమ్మా, కంటికి కనపడవు" అన్నాడు.

"కనపడకపోతే ఎలా తుడిసేది బాబూ?" అంటే నవ్వాడు. నవ్వుతూనే తింటున్న పకోడీల పొట్లం ఆ పెట్టె వెనక పడేశాడు. తీయబోతే, "వైర్లు కదిలిపోతాయి, ముట్టుకోకు" అన్నాడు.

వారం తిరిగేసరికి ఇరవై కంప్యూటర్లూ ఒకేసారి ఆగిపోయాయి. మూత తీస్తే కొరికిన వైర్ల మధ్య ఉబ్బిపోయిన ఎలుక, పక్కనే నూనె కాగితం. మేనేజరు ముక్కు మూసుకుని బయటికి పోయాడు. దాన్ని నా చేతులతోనే తీయించారు. తర్వాత ఇంజనీరు ఒక కాగితం తెచ్చి, గది కడిగినట్టు వేలిముద్ర వెయ్యమన్నాడు. వేశాను.

సాయంత్రం గుమాస్తా అది చదివి చెప్పాడు. "లోపల పకోడీలు తిని పొట్లం పడేసింది నువ్వేనని రాసున్నాదమ్మా. రేపట్నుంచి రావొద్దన్నారు."

ఎలుకకంటే ఆ కాగితమే నాకు ఎక్కువ కంపు కొట్టింది. తలచుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు.

మర్నాడు ఉదయం పలక కొనుక్కుని మా వీధి తెలుగు టీచరమ్మ ఇంటికి వెళ్లాను. ఆవిడ "అ అంటే అమ్మ" అని మొదలుపెట్టబోయింది.

"అమ్మ తర్వాత, టీచరమ్మా. ముందు ఎలక రాయడం సెప్పండి" అన్నాను.