ప్లైవుడ్ గోడకు అవతల

పలాస జీడిపప్పు వ్యాపారుల్లో ఒక కట్టుబాటు ఉండేది. ఒకరు బేరంలో కూర్చుంటే ఇంకొకరు ఆ గుమ్మం ఎక్కరు. ఏళ్ల తరబడి మా దగ్గర పప్పు కొన్న బిస్కెట్ల కంపెనీ ఆ గుమ్మాన్నే పీకి పారేసింది. ఇకమీదట కొనుగోలంతా కంప్యూటర్‌లో వేలమట. అందరికంటే తక్కువకు ఇచ్చేవాడికే ఆర్డరట. పోటీలో ఉన్నవాళ్ల పేర్లు మాత్రం కనిపించవట. పొదుపట, పొదుపు! ఎవరి నోటి దగ్గర కూడు లాక్కుని?

వేలం రోజున నాన్నా నేనూ ఇంటర్నెట్ సెంటర్‌లో ఒక క్యాబిన్‌లో కూర్చున్నాం. మేం ధర తగ్గించిన ప్రతిసారీ ఎవడో ఇంకాస్త తగ్గిస్తున్నాడు.

"ఎవుడ్రా ఈడు, మన పీక కోసేత్తన్నాడు! ఇంకో రూపాయి దించు," అని నాన్న అరిచాడు. నేను నొక్కేశాను.

ప్లైవుడ్ గోడకు అవతల కుర్చీ కిర్రుమంది.

"నువ్వేనేటి బావా?"

అది మా మేనమామ గొంతు. ఆయనదీ జీడిపప్పు వ్యాపారమే. అంతసేపూ మాతో పోటీ పడింది ఆయనే. ఈలోగా వేలం ముగిసిపోయింది. నష్టపు ధరకు ఆర్డరు మాకే వచ్చింది.

సాయంత్రం కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది.

"కంగ్రాట్స్ అండీ, మీరే గెలిచారు!" అన్నాడు ఆ సిగ్గులేనివాడు.

"ఎవుల మీద గెలిసేన్రా?" అని నాన్న గర్జించాడు.