యాడి ఏడుపు మీద డప్పులు

మా తమ్ముడు తెలంగాణ మీటింగుకని జనగామ పోతూ లారీ మీద నుంచి పడి చచ్చిపోయాడు. ఉద్యమంలో పోయాడు కాబట్టి అమరుడయ్యాడు. నర్సింహులపేట పక్కన మా తండాకు ఓట్లప్పుడు తప్ప రాని కార్లన్నీ ఆ రోజు వచ్చాయి. జెండా కప్పారు, జోహార్లన్నారు. మా అమ్మకు, మా లంబాడీ మాటలో యాడికి, అవేవీ కనిపించలేదు. వాడి తల ఒళ్లో పెట్టుకుని గొంతెత్తింది.

మా ఆడవాళ్లు ఒట్టిగా ఏడవరు. రాగం తీసి, మాటలు కట్టి ఏడుస్తారు. తండాలో ఎవరింట్లో చావు జరిగినా ముందు యాడి ఎత్తుకోవాలి, వెనక మిగతావాళ్లు అందుకోవాలి. ఎవరో పెట్టిన నియమం కాదది, ఆమె గొంతు అలాంటిది. ఆ రోజు, వాడికి పాలిచ్చిన కాడి నుంచి మీటింగు తొందరలో వాడు సగం తిని వదిలేసిన జొన్నరొట్టె దాకా అన్నీ తలచుకుని ఏడ్చింది. చుట్టూ ఫోన్లు లేచాయి. వాటిని పట్టించుకునే తెలివిలో మేమెవరం లేము.

అప్పట్లో మా దిక్కు ఫోన్లో ఇంటర్నెట్ ఎవరికుంది? బ్లూటూతే దిక్కు. ఫోనూ ఫోనూ పక్కపక్కన పెట్టుకుని కూర్చుంటే పాటలూ వీడియోలూ గాలిలోనే ఇందులోంచి అందులోకి పోయేవి. యాడి ఏడుపూ అలాగే పోయింది. పేటలో దీక్షా శిబిరం నుంచి మానుకోటకు, మానుకోట నుంచి జనగామకు. దానికి ‘అమరుడి తల్లి పాట’ అని పేరు కూడా పెట్టారు. పాటట, వీళ్ల మొహం! మా భాష రానివాళ్లకు రాగముంటే చాలు, పాటే. మొదట్లో శిబిరాల్లో అది విని కళ్లు తుడుచుకునేవాళ్లట. అంతటితో ఆగినా బాగుండేది. తర్వాత ఎవడో దానికి డప్పులు కలిపాడు. వాడి చేతులు పడిపోను.

మా ఆయన బొగ్గుబాయిలో పనిచేసేవాడు, భూపాలపల్లిలో ఉండేవాళ్లం. ఒకసారి పుట్టింటికి పోతుంటే బస్సులో ముందు సీటు కాలేజీ పిల్లవాడి ఫోన్లో డప్పులు మొదలయ్యాయి. వాటి వెనక మా యాడి. రొట్టె చల్లారిపోతుంది, లేచి తినరా బిడ్డా అంటోంది. ఆ మాట మీద పడుతోంది దెబ్బ.

“ఆపు తమ్మీ!” అని అరిచాను.

“ఏందక్కా, మస్తు జోష్ పాట గదా. గావాల్నంటే బ్లూటూత్ ఆన్ చెయ్, పంపుత.”

“గది పాట గాదు. మా తమ్ముడు సచ్చిపోయిన నాడు మా యాడి ఏడ్సిన ఏడుపు.”

పాపం, ఆ పిల్లవాడి మొహం మాడిపోయింది. నా ముందే తీసేశాడు. మానుకోటలో దిగి, మెమొరీ కార్డుల్లో పాటలెక్కించే దుకాణానికి పోయి బతిమాలాను. అతనూ తీసేశాడు. “నేను తీస్త అక్కా. గని ఎంతమంది దగ్గరికని తిరుగుతవ్? అది ఊరూరు పోయింది” అన్నాడు. ఏం చెయ్యను? గోడకు తల కొట్టుకోవాలనిపించింది.

యాడి చెవిన పడకపోతే చాలనుకున్నాను. మిరపకాయ ఏరడానికి కూలికి పోయినచోట, రోడ్డు మీద పెళ్లి బరాత్ వాళ్లు అదే పాట పెట్టుకుని ఎగురుతూ పోయారట. బరాత్ దాటిపోయేదాకా యాడి గంప దించి నిలబడే ఉందట. నేను ఇంటికి పోయినప్పుడు మా భాషలో అడిగింది.

“వాళ్లెందుకు ఎగురుతున్రు బిడ్డా?”

“వాళ్లకు మన మాట తెల్వది యాడీ.”

“ఏడుపు గూడ తెల్వదా?”



మరుసటి ఏడు నాయిన దవాఖానలో పోయాడు. ఇంటికి తెచ్చి వాకిట్లో పడుకోబెట్టాం. ఆడవాళ్లంతా చుట్టూ చేరి యాడి కోసం చూస్తున్నారు. యాడి నోరు తెరవలేదు. పక్కింటి ముసలామె ఆమె భుజం పట్టుకుని ఊపింది.

“ఎత్తుకోవే! నువ్వు ఎత్తుకుంటెనే గద మేం అందుకునేది.”

యాడి అందరి చేతుల వంక చూసింది. నాకర్థమైంది. ఫోన్లన్నీ బయట పెట్టిరమ్మన్నాను. అందరూ పోయి బయట మంచం మీద పెట్టి వచ్చారు. అయినా ఆమె గొంతు రాలేదు. నాయిన కాళ్ల దిక్కు చూస్తూ అంది.

“నా ఏడుపు మీ ఫోన్లల్ల ఉన్నది గద. గదే పెట్టుర్రి.”

ఏం చెయ్యాలో తెలియక ఆ ముసలామె కోడలు లేచి ఫోను తెచ్చింది. డప్పులు మోగాయి. గబుక్కున ఆపేసింది. డప్పుల్లేనిది ఉందా అని ఒక్కొక్కరినీ అడిగాను. ఎవరి దగ్గరా లేదు.

నాయినను అలాగే తీసుకుపోయారు. యాడి కొంగు నోట్లో కుక్కుకుని తండా చివరిదాకా వెనకే నడిచింది.